ఐదు ఫీట్లు చాలవు
తెలంగాణ వచ్చాక పోలీసు నౌకరీలు పడ్డాయని తెలిసిన రోజు మా నారాయణపేటలో నా ఈడు ఆడపిల్లలం ముందు చూసుకున్నది పొడుగు. నూట యాభై రెండున్నర సెంటీమీటర్లు ఉండాలన్నారు. అదెంతో మాలో ఒక్కరికీ తెలియదు. "ఐదు ఫీట్లే" అని ఎవరో అన్నారు. అంతే, అందరూ అదే మాట పట్టుకున్నారు.

మా అమ్మ జాకెట్లు కుడుతుంది. నన్ను గోడకు నిలబెట్టి, నెత్తిమీద చెక్క స్కేలు ఆనించి, టేపుతో కొలిచింది. "అరవై ఇంచులు. నిండ ఐదు ఫీట్లున్నవ్. ఇగ ఫికర్ జెయ్యకు, పోయి ఉరుకు" అంది.

నా మనసు కుదుటపడలేదు. టేపు తిప్పి సెంటీమీటర్ల వైపు చూడమన్నాను. అమ్మకు చిర్రెత్తింది. "ఆ దిక్కు ఎవరు జూస్తరే! ఇన్నేండ్ల సంది కుడుతున్న, ఒక్కతన్న సెంటీమీటర్ల కుట్టమని అడిగిందా?"

అడగలేదు, నిజమే. బంగారం తులాల్లో, జాగా గజాల్లో, చేను గుంటల్లో, పూలు మూరల్లో. బళ్లో అన్నేళ్లు సెంటీమీటర్లు వల్లెవేసిన నేను కూడా ఎవరైనా అడిగితే ఐదు ఫీట్లనే చెప్పేదాన్ని.

ఫోన్లో లెక్క కట్టి చూశాను. ఐదు ఫీట్లంటే నూట యాభై రెండు పాయింట్ నాలుగు. కావలసింది పాయింట్ ఐదు. ఒక్క మిల్లీమీటరు తక్కువ! మమ్మల్ని పరుగెత్తించే సారుకు చెబితే పకపకా నవ్వాడు.

"పిచ్చిదానా, గదొక లెక్కనా? ఐదు ఫీట్లంటే ఐదు ఫీట్లే. నువ్వు టైంల ఉరుకు, చాలు."

ఇక నాకు కుదురు లేదు. నిద్ర లేవగానే గోడ దగ్గరికి, పరుగు నుంచి రాగానే గోడ దగ్గరికి. పొద్దున ఉన్న పొడుగు సాయంత్రానికి ఉండదు! వేపకొమ్మ పట్టుకుని అరచేతులు కమిలేదాకా వేలాడాను. అన్నం దగ్గర కూడా మెడ సాగదీస్తుంటే "కొంగ లెక్క గదేందే, పొలమారుతది" అని అమ్మ తిట్టేది. ఏడుపూ వచ్చేది, కోపమూ వచ్చేది. అమ్మమీద, సారుమీద, ఈ పొట్టి కాళ్లమీద. అమ్మకు చూపు మసకబారుతోంది. సూదిలో దారం నాతోనే ఎక్కించుకుంటోంది. ఈ నౌకరీ వస్తే ఆ మిషన్ను మూలకు పెట్టిస్తానని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు సంగతి అమ్మకు చెప్పలేదు, చెబితే అన్నం పెట్టే మిషన్ను మూలకు పెడతావా అని నన్నే తిట్టేది.

మహబూబ్‌నగర్ గ్రౌండులో పరుగు గట్టెక్కాను. చెమట ఆరకముందే పొడుగు కొలిచే లైన్లో నిలబెట్టారు. నా వంతు రాగానే మడమలు ఆనించి, ఊపిరి బిగబట్టాను. పైనుంచి పలక దిగి నెత్తికి తాకింది. మేడం అంకె చదివింది.

"నూట యాభై రెండు పాయింట్ నాలుగు."

"మేడం, నేను నిండ ఐదు ఫీట్లున్న!"

"ఉన్నవమ్మా. కానీ ఐదు ఫీట్లు చాలవు" అంది మెల్లగా. పక్కకు జరగమని చేత్తో చూపించింది. నా వెనకున్న పిల్ల అప్పటికే చెప్పులు విడుస్తోంది.

నారాయణపేట బస్సెక్కాను. ఇంటికి వచ్చేసరికి అమ్మ గడపలోనే ఉంది.

"అయిందా బిడ్డా?"

"ఉరుకుడుల అయిన. పొడుగుల తీసేసిన్రు."

"ఎంత తక్కువొచ్చింది? అర ఇంచా?"

కాదని తల ఊపి, బొటనవేలూ చూపుడువేలూ దగ్గరకు తెచ్చి చూపించబోయాను. అంత సన్నటి సందు నిలవడం లేదు. ఎట్లా పెట్టినా వేళ్లు అంటుకుపోతున్నాయి. అమ్మ నా చేయి పట్టుకుని, కళ్లు చిట్లించి, వేళ్ల మధ్యకు చాలాసేపు చూసింది.

"గింతేనా? గింతకంటె ఎక్కువ గుడ్డ నేను కుట్ల కింద ఇడిశిపెడ్తనే బిడ్డా" అంటూ గడపమీదే కూలబడింది.