ఐదో నెల పాపతో భూపాలపల్లికి: సొంగ గుడ్డల తిప్పలు

పాపను పుట్టింటి నుంచి మొదటిసారి అత్తగారింటికి పంపేటప్పుడు ఒంటిమీద ఉన్నదంతా కొత్తదే కావాలని మా అమ్మ పట్టు. మా చెల్లె కూతురికి ఐదో నెల. తల్లీబిడ్డలను జనగామ నుంచి భూపాలపల్లిలో దించి రావడం మేనమామగా నా పని. ముందు కాస్త చుట్టు తిరిగి కురవి గుడిలో మా అమ్మ మొక్కుకున్న మొక్కు తీర్చాలి. అంతవరకు బాగానే ఉంది. సొంగ గుడ్డలు, పాలు కక్కితే తుడిచే గుడ్డలు కూడా కొత్తవే ఉండాలని అమ్మ నన్ను బజారుకు తరిమింది. ఇంట్లో పాత లుంగీ ముక్కలు బోలెడున్నాయి. అవి సంచిలో కనబడితే వియ్యపురాలి ముందు పరువు పోతుందట.

మా రైలు పొద్దున్నే. అప్పటికి జనగామలో బట్టల దుకాణాలు తెరవరు కాబట్టి ముందురోజే మూడు వందల యాభై పెట్టి గులాబీ రంగు డబ్బా ఒకటి కొన్నాను. అందులో ఎలుగుబంటి బొమ్మల బిబ్‌లు, వాటి అడుగున ప్లాస్టిక్ పొర. కాజీపేట దాటేసరికి పాప ఏడుపు అందుకుంది. చెల్లె బిబ్ విప్పి చూస్తే పాలు, చెమట కలిసి మెడ మడత ఎర్రగా ఒరుసుకుపోయి ఉంది.

"గీ మెడ జూస్తే మా అత్త ఏమంటది అన్నా? పుట్టింట్ల గిట్లనేనా సూసుకున్నది అనదా?" అంది చెల్లె. దాని కళ్ళలో నీళ్ళు చూసి నాకు ఆ ఎలుగుబంటి మీద ఎక్కడలేని కోపం వచ్చింది.

మహబూబాబాద్‌లో దిగి, చెల్లెను స్టేషన్‌లో కూర్చోబెట్టి బజారు మీద పడ్డాను. ప్లాస్టిక్ లేని మెత్తటి నూలు గుడ్డ, వెనక దారంతో కట్టేది కావాలంటే ప్రతి దుకాణంలోనూ అదే గులాబీ డబ్బా తీశారు. విడిగా ఎందుకు అమ్మరని ఒకాయనను నిలదీశాను. "ఫంక్షన్లకు ఇచ్చేటోళ్ళే కొంటరన్నా. వాడుకునేటోళ్ళు ఎవలు కొనరు," అన్నాడు తాపీగా. చివరికి తువ్వాల గుడ్డతో కుట్టినవి నాలుగు దొరికాయి. వాటి అంటుకునే పట్టీ పాప జుట్టును పట్టేసుకుంది. మళ్ళీ ఏడుపు. అంతలో అమ్మ ఫోన్, కొత్తది కట్టారా అని. కట్టామని అబద్ధమాడాను.

కురవికి షేర్ ఆటోలో మనిషికి ముప్పై, అరగంట లోపే. పాప మెడకు కొబ్బరినూనె రాయమని డ్రైవర్, పౌడర్ చల్లమని పక్కనున్న అవ్వ. కురవి వచ్చేదాకా వాళ్ళిద్దరికీ అదే వాదన. గుడిలో మాత్రం రద్దీ లేదు, దర్శనం తొందరగానే అయింది. మహబూబాబాద్‌కు వెనక్కి వచ్చి నేరుగా భూపాలపల్లి బస్సు కోసం కూర్చుని గంటకు పైగా పోగొట్టుకున్నాం. మీరు ఆ పొరపాటు చేయకండి. మేము చివరికి చేసినట్టు రైల్లో వరంగల్ వచ్చి, హనుమకొండలో పరకాల మీదుగా వెళ్ళే బస్సెక్కితే రెండు గంటల్లో భూపాలపల్లి.

ఇల్లు దగ్గర పడగానే, ఎరుపు కనబడకుండా చెల్లె మళ్ళీ ఆ ఎలుగుబంటినే కట్టింది. వాళ్ళ అత్తమ్మ పాపను ఎత్తుకుని మొట్టమొదట చేసిన పని దాన్ని విప్పడం. మెడ చూసింది. చెల్లె తల దించుకుంది. కొన్నది నేనేనని, చెల్లె తప్పేమీ లేదని నేను గబగబా చెప్పేశాను. ఆమె లోపలికి వెళ్ళి ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. అదే గులాబీ రంగు, అదే ఎలుగుబంటి.

"మీ ముంగట తక్కువ గావద్దని నీ బావ తెచ్చిండు," అంది. "రెండు డబ్బాలు అటుక మీద పెట్టు అల్లుడా. పోరి మెడకు జర గాలి తాకనీ."

చెల్లె ఏడుస్తూనే నవ్వేసింది. అత్తమ్మ పాత ధోవతి ముక్క తడిపి మెడ తుడిచింది. పాలు తాగించాక తేన్పు కోసం పాపను నా భుజం మీద వేసింది. కింద వేసుకోవడానికి గుడ్డ ఇవ్వమన్నాను.

"మేనమామ భుజముండంగ గుడ్డ ఎందుకు?" అంది. ఆ మాట పూర్తయ్యేలోపే పాప నా కొత్త చొక్కా మీద కక్కేసింది.

రెండిళ్ళ వాళ్ళమూ ఒకరి ముందు ఒకరం తక్కువ కాకూడదనుకున్నాం. మధ్యలో ఒరుసుకుపోయింది ఆ చిన్న మెడ. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే చిరాకు. పాపతో ప్రయాణమైతే బాగా ఉతికి మెత్తబడిన నూలు గుడ్డలే పెట్టుకోండి, ఎవరేమనుకున్నా సరే. వాటితోపాటు మీకూ ఒక చొక్కా అదనంగా పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. జనగామ దాకా పాల వాసనతోనే వచ్చాను, బస్సులో నా పక్క సీటు చివరిదాకా ఖాళీగానే ఉంది.