దింపుడు కళ్లం దగ్గర మా ఆయన

మా ఊళ్లో ఎవరు పోయినా మా ఆయనకు కబురొచ్చేది. సత్తెనపల్లికి పది కిలోమీటర్ల దూరంలో ఊరు మాది. మూడెకరాల మిరప చేను, రెండు గేదెలు, పెద్ద గొంతు, ఆయన ఆస్తి ఇంతే. ఆ గొంతు కోసమే పిలిచేవాళ్లు.

మా దగ్గర శవాన్ని శ్మశానానికి మోసుకెళ్తూ దారి మధ్యలో పాడె ఒకసారి కిందికి దించుతారు. ఆ చోటే దింపుడు కళ్లం. అక్కడ పోయినవాళ్ల చెవి దగ్గర మూడుసార్లు పిలుస్తారు. ప్రాణం ఏ మూలనో ఉంటే లేచి కూర్చుంటారని ఆశ. కొడుకులు ఏడుస్తూ గొణుగుతారు కాబట్టి, వాళ్ల తర్వాత మా ఆయన పిలిచేవారు.

"ఉత్త పేరు పెట్టి పిలిస్తే బతికున్నోడే పలకట్లేదు, పోయినోడేం పలుకుతాడే?" అనేవారు నాతో. అందుకని ముందుగా ఆ ఇంటికి వెళ్లి, ఆ మనిషి దేనికి ఉలిక్కిపడి లేస్తాడో కనుక్కునేవారు. ఒక రైతు చెవిలో "లేవయ్యా, తీసిన పత్తంతా తడిసిపోతోంది!" అని అరిచారు. వెంకటేశ్వరమ్మగారికైతే "అత్తా, నీ గేదె పలుపు తెంపుకుని పక్కోళ్ల చేలో పడింది!" అన్నారు. పాడె మోసేవాళ్లలో ఇద్దరు నిజంగానే గేదె కోసం వెనక్కి తిరిగి చూశారట. ఆవిడ మాత్రం లేవలేదు. ఇరవై రెండేళ్లలో ఒక్కరూ లేవలేదు.

ఆయన స్నేహితుడు, ట్రాక్టరు ఖాజావలి అన్న ఏడిపించేవాడు. "ఏరా అంకమ్మరావూ, నీ సర్వీసులో ఒక్కణ్ణయినా లేపావంట్రా?"

"లేవకపోతే వాళ్ల ఇష్టంరా. సరిగ్గా పిలవలేదన్న మాట మన మీద ఉండకూడదు."

ఒకరోజు అన్నం తింటూ తింటూ నావైపు చూసి, "నన్ను మాత్రం గొణిగి పంపించేస్తారేమోనే" అన్నారు. ముందు తినండన్నాను.

మొన్న మాఘమాసంలో, మిరపకాయలు ఎండబోస్తూ, కింద పరిచిన పట్టా మీదే ఒరిగిపోయారు. గుండె ఆగిందన్నారు డాక్టరు. ఇంటి నిండా జనం, వీధి నిండా జనం. నాకు ఒకటే దిగులు, ఆయన్ని ఎవరు పిలుస్తారని. మాకు పిల్లల్లేరు. మరిది కొడుకు చైతన్యకృష్ణ తలకొరివి పెడతానన్నాడు. మంచివాడే గాని, ఫోనులో కూడా గట్టిగా మాట్లాడడు.

వీధి చివర ఆడవాళ్లం ఆగిపోవాలి. అందరూ ఆగారు. నేను ఆగలేదు.

"ఏమ్మే, ఎక్కడికే? ఆడోళ్లు దాటకూడదే!" అని వెనక నుంచి పక్కింటి పిచ్చమ్మత్త కేక.

"ఇప్పుడే వస్తానత్తా" అన్నాను, కొట్టుదాకా వెళ్తున్నట్టు. కాసేపటికి చూస్తే చెప్పుల్లేకుండా ఆవిడా నా వెనకే వస్తోంది, నన్ను తిడుతూనే.

పాడె దించారు. చైతన్యకృష్ణ వంగి మూడుసార్లు "పెదనాన్నా" అన్నాడు. నాకే వినపడలేదు. ఖాజావలి అన్న ముందుకొచ్చి "ఒరేయ్, కాయల మీద వాన..." అన్నాడు. మాట పూర్తిచేయకుండానే పక్కకు తిరిగిపోయాడు.

"సరే, ఎత్తండి" అన్నారు పెద్దలు.

"ఎత్తొద్దు" అన్నాను. పదిమందిలో ఎన్నడూ నోరెత్తినదాన్ని కాదు. అందరూ నావైపు తిరిగారు.

"మూడుసార్లూ పిలిచాను కదా పెద్దమ్మా."

"పిలిచావు నాయనా. ఆయనకు వినపడలేదు."

ఆయన చెవి దగ్గర కూర్చున్నాను. వానంటే లేచే మనిషి కాదు ఆయన. వానొచ్చినప్పుడల్లా కాయల మీద పట్టా కప్పింది నేనే. కంచం ముందున్నా, నిద్రలో ఉన్నా, ఆయన్ని లేపే కబురు ఒకటే. ఇంట్లోంచి కేకేసినట్టే కేకేశాను.

"ఏవండీ! అక్కడ పాడె దించేశారంట! మీకోసమే ఆగారు, తొందరగా రండి!"

ముందు ఖాజావలి అన్నకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"ఈ మాటకి లేస్తాడ్రా, చూడండ్రా!" అంది పిచ్చమ్మత్త. అందరూ నిజంగానే చూశారు. నేనూ చూశాను. మళ్లీ పిలిచాను. మూడోసారి పిలిచినప్పుడు అవతల చేలో కాయలు కోస్తున్న కూలీలు కూడా నడుములెత్తి నిలబడ్డారు.

ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను. చాలాసేపే కూర్చున్నాను. ఎవరూ తొందరపెట్టలేదు.

"విన్నార్లే" అన్నాను లేస్తూ. "ఎత్తండి నాయనా."