నాలుగో గీత

మా వంశంవాళ్లమంతా సిరిసిల్లలో ఒకసారి కలుద్దామని వాట్సాప్ గ్రూపులో అనుకున్నప్పుడు, వంశవృక్షం రాసే పని నా నెత్తిన పడింది. ఏళ్ల తరబడి తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి తప్పులు రావని మావాళ్ల ధీమా. అక్షరాల్లో తప్పులు రాలేదు. మనుషుల్లోనే వచ్చింది.

మా ముత్తాత కథలాపూర్ దిక్కు నుంచి మగ్గం కట్టెలు ఎడ్లబండిలో వేసుకొని సిరిసిల్ల వచ్చాడట. ఊరి చివర గుంత తవ్వి మగ్గం దించి, పక్కనే గుడిసె వేసుకున్నాడట. ఆయన్ని చూసి ఇంకొందరు వచ్చారని, అలా ఒక వాడకట్టు అయిందని మా ఇంట్లో చెప్పుకుంటారు. అక్కడ గోడకు కట్టే ఫ్లెక్సులో అన్నిటికన్నా పైన ఆయన పేరు రాశాను. ఆయన కింద ఇద్దరు కొడుకులు. చిన్నకొడుకు మా తాత. తాత కింద ముగ్గురు కొడుకులు, మూడు గీతలు. మూడోది మా నాన్నది.

ఆడపిల్లలను రాయలేదు. "వాళ్లది అత్తగారి వంశం తమ్మీ. అందర్నీ రాస్తే ఫ్లెక్స్ గోడ దాటుతది" అని మా పెద్దనాన్న కొడుకు ఫోనులో అన్నాడు. నేను సరేనన్నాను. జగిత్యాలలో నా ఇంట్లో, పక్క గదిలో మా మేనత్త కూర్చొని ఉండగానే సరేనన్నాను.

మేనత్తను కోరుట్లకు ఇచ్చారు. పిల్లలు పుట్టకముందే భర్త పోతే, చిన్న వయసులోనే సిరిసిల్లకు తిరిగి వచ్చింది. నాకు ఏడాది నిండకముందే మా అమ్మ పోయింది. నన్ను ఎత్తుకొని పెంచింది మేనత్తే. అన్న కొడుకును అల్లుడా అని పిలవాలి. ఆమె మాత్రం నన్ను కొడుకా అనే పిలిచింది, ఎవరు నవ్వినా మానలేదు. నేను ఉద్యోగం మీద జగిత్యాల వస్తే నాతోపాటు వచ్చేసింది. ఇప్పుడు ఎనభై దాటింది.

చదువు రాదు. ఆమెకు వచ్చింది వైపని. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోయాక, కొత్త పడుగులోని ఒక్కో పోగును పాత పోగు కొసకు మెలేసి అతకాలి. వేలకొద్దీ పోగులుంటాయి. వేళ్లకు బూడిద అద్దుకొని పొద్దంతా కూర్చొని అతికేది. నేను ఆమె ఒడికి ఆనుకొని పడుకునేవాణ్ణి. ఆ బూడిద వాసన ఇప్పటికీ నాకు నిద్ర తెప్పిస్తుంది. ఒక్క పోగు వదిలేసినా బట్ట పొడుగునా సన్నటి సందు పడుతుంది, సేటు ఆ బట్ట తీసుకోడు. చేతి మగ్గాలు పోయి కరెంటు సాంచాలు వచ్చినా ఆమె చేతికి పని తప్పలేదు. మా ముగ్గురు అన్నదమ్ముల చదువులు ఆ వేళ్ల మీదే నడిచాయి.

బయల్దేరే రోజు పొద్దున్నే పెట్టెలోని జరీ అంచు చీర కట్టుకొని కారెక్కింది. వేములవాడ దాటాక అడిగింది.

"అందరి పేర్లు రాసినవట గదా కొడుకా. నా పేరు ఏడ రాసినవ్?"

"పోయినంక చూపెడత అత్తమ్మా" అన్నాను. మిగిలిన దారంతా ఆమె కిటికీలోంచి చూస్తూ, తన తండ్రి పక్కన తన పేరు ఉంటే ఎంత ముచ్చటగా ఉంటుందో చెబుతూనే ఉంది. నాకు కోపం తొందరగా వస్తుంది, తప్పు నాదైతే ఇంకా తొందరగా వస్తుంది. ముందు పోయే ఆటోవాణ్ణి ఊరికే తిట్టాను.

ఫంక్షన్ హాలు నిండిపోయింది. బగారన్నం వాసన గేటు దాకా వచ్చింది. దుబాయిలో ఉన్న పిల్లలు ఫోన్లలో కనబడుతున్నారు, మైకులో మా పెద్దనాన్న కొడుకు, ఫోనులో మాట్లాడిన అన్నే, ముత్తాత ఎడ్లబండి కథ మొదలుపెట్టాడు. ఆమె ఎవరినీ పలకరించలేదు. తిన్నగా ఫ్లెక్సు దగ్గరికి నడిచింది.

"ఏది, సూపెట్టు."

నేను అబద్ధమాడాను. తాత కింద మొదటి పేరు మీద వేలు పెట్టి, "ఇదే" అన్నాను. అది మా పెద్దనాన్న పేరు. చదువు రాని మనిషి, ఎట్లా తెలుస్తుందిలే అనుకున్నాను. ఇంత వయసొచ్చి ఇంత నీచంగా ఎన్నడూ అనుకోలేదు.

ఆమె ఆ పేరును తడిమింది. సంతోషంగా నవ్వింది. తర్వాత అలవాటు కొద్దీ, ఆ పేరు మీది గీతను పట్టుకొని వేలితో పైకి పోయింది. తండ్రి పేరు దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కిందికి దిగిన గీతలను బొటనవేలితో ఒక్కొక్కటే జరుపుతూ లెక్కపెట్టింది. మళ్లీ లెక్కపెట్టింది.

"నాయినకు మేం నలుగురం. గీతలు మూడే ఉన్నయి" అంది. "నువ్వు సూపెట్టింది మొదటిది, మా పెద్దన్న గీత. నా పోగు ఇడిసిపెట్టినవ్ కొడుకా."

కోపంగా అనలేదు. కొత్తగా పని నేర్చుకునే మనిషికి చెప్పినట్టు చెప్పింది. అందుకే ఎక్కువ తగిలింది.

వచ్చినవాళ్ల పేర్లు రాసే బల్ల మీది నల్ల మార్కర్ తీసుకొచ్చాను. అన్న మైకు చేతిలో పట్టుకొనే ఉరికొచ్చాడు. "ఏం జేస్తున్నవ్ తమ్మీ? ఫ్లెక్స్ ఖరాబైతది. ఫొటోలు దిగేదుంది."

"ఖరాబ్ ఎప్పుడో అయింది, నేనే చేసిన" అని అరిచాను. ఆ మాట మైకులో హాలంతా వినిపించింది. తాత పేరు నుంచి నాలుగో గీత గీసి, కింద ఆమె పేరు రాశాను. తొందరలో అక్షరాలు వంకరపోయాయి. నా విద్యార్థి ఎవడైనా అట్లా రాస్తే బెత్తం అందుకునేవాణ్ణి.

ఆమె దగ్గరికొచ్చి చూసింది. "మరి కింద?"

"కింద ఏముంది అత్తమ్మా?"

"అందరి కిందికి గీతలు దిగినయి. నాది గాడ్నే తెగిందా? నువ్వు లేవా?"

నా పేరు అప్పటికే మా నాన్న కింద అచ్చులో ఉంది. ఆమె పేరు కింద ఇంకో గీత గీసి, మళ్లీ నా పేరు రాశాను. కళ్లు మసకబారి నాకు సరిగా కనబడలేదు. తమ పేర్లూ రాయాలని మార్కర్ కోసం చేతులు చాచిన మా పెద్దనాన్నల బిడ్డలను చూసి, అన్న పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

మేనత్త కుడిచేతి చూపుడువేలితో నా పేరును తడిమింది. సిరా ఆరలేదు, వేలికి నల్లగా అంటుకుంది. నేను తుడవబోతే చేయి వెనక్కి లాక్కుంది. భోజనాల దగ్గర, పుట్టి బుద్ధెరిగాక చెంచా ముట్టని మనిషి, వడ్డించే అమ్మాయిని పిలిచి చెంచా అడిగింది.