వరుస చివర తోక

మా ఆఫీసులో ప్రోగ్రాములు రాయడానికి ఆ ముసలి ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ను వాడేవాళ్లం ఇద్దరమే. మౌస్ ముట్టుకోకుండా మొత్తం కీబోర్డుతోనే నడపాలి దాన్ని. మిగతావాళ్లంతా రంగురంగుల కొత్తవాటికి వెళ్లిపోయారు. నేను కాకినాడ నుంచి వచ్చి ప్రగతి నగర్‌లో ఒక్కణ్ణే ఉంటాను. పక్క సీటు అతనిది సంగారెడ్డి వైపు పల్లె, మదీనాగూడలో కాపురం. ఆ ఎడిటర్ తప్ప మా ఇద్దరికీ కలిసేది ఇంకేమీ లేదు. నాకది చాలు.

నాది లినక్స్ యంత్రం, అతనిది విండోస్. ఎడిటర్ పుట్టింది నా వైపు. అతను వాడేది విండోస్‌కి తెచ్చిన రూపం. చూడ్డానికి రెండూ ఒకటే, బుద్ధులు వేరు. అతని దగ్గర ఫైలును సేవ్ చేసే మీటలు నా దగ్గర నొక్కితే స్క్రీన్ బిగుసుకుపోతుంది. అతను నా సీట్లో కూచున్నప్పుడల్లా అలవాటుగా అవే నొక్కి, "ఏందన్నా, నీది సచ్చిపోయింది" అని లేచిపోయేవాడు. మళ్లీ ఎలా కదిలించాలో ఎన్నిసార్లు చెప్పినా చెవికెక్కలేదు.

ఎడిటర్ ఎలా మెలగాలో చెప్పే సెట్టింగుల ఫైలు ఒకటి ఇద్దరికీ కలిపి సర్వర్‌లో పెట్టుకున్నాం. ఎవరు ఏ వరుస చేర్చినా ఎందుకు చేర్చామో పక్కన రాయాలి, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. "కళ్లు గుంజుతున్నయ్, జర అక్షరం పెద్దగ చేసిన." "మళ్లీ చిన్నది చేశానండి, మాకింకా చత్వారం రాలేదండి." మొదటిది అతని యాసలో నేను రాసింది. రెండోది నా యాసలో అతని ఎగతాళి.

విండోస్ రూపానికి ఒక చాదస్తం ఉంది. వరుస ముగిసే చోట అదనంగా ఒక గుర్తు పెడుతుంది. అతని దగ్గర కనబడదు, నా స్క్రీన్ మీద కనబడేది: అతను రాసిన ప్రతి వరుస చివరా చిన్న టోపీ, పక్కన ఎం అక్షరం. "నీ తోకలు కత్తిరించుకో" అంటే, "ఉండనీ అన్నా, ఎవడు రాసిండో ఎరుకైతది" అనేవాడు. మొదట చిరాకు పడ్డాను. తర్వాత పొద్దున్నే ఆఫీసుకు రాగానే కొత్త తోకలేమైనా ఉన్నాయా అని వెతకడం అలవాటైంది.

రెండేళ్ల క్రితం అతను ఉద్యోగం మారాడు. దూరమేం కాదు, మా క్యాంటీన్ కిటికీలోంచి ఆ భవనం కనబడుతుంది. మొదట్లో టీకి కలిశాం. తర్వాత మీటింగులు, ట్రాఫిక్, ఇంటి నుంచి పని. నేను ఫైలును నా యంత్రంలోకి తెచ్చుకుని పాత వరుసలే చదువుకునేవాణ్ణి. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ ఆఫీసులో నాతో ఎవరైనా మాట్లాడుతున్నట్టు ఉండేది అదొక్కటే.

పోయిన నెల అందరికీ విండోస్ లాప్‌టాప్‌లే ఇచ్చారు. ఆ ఒక్క ఫైలు కొత్తదాంట్లోకి మార్చుకున్నాక ఐటీ డెస్క్ వాళ్లు పాతదాన్ని తీసుకుని తుడిచేశారు. సర్వర్ అంతకుముందే పోయింది. మధ్యాహ్నం భోజనానికి ముందు ఫైలు తెరిచాను. వరుసల చివర్లు కలవడం లేదు, అన్నీ ఒకేలా చేయమంటారా అని అడిగింది కొత్త లాప్‌టాప్‌లోని ఎడిటర్. ఇరవై ఏళ్లుగా ఇలాంటి చెత్త కనబడితే ఊడ్చేసే చెయ్యి నాది. సరేనని నొక్కి, సేవ్ చేసి, మూసేసి క్యాంటీన్‌కి వెళ్లాను. పప్పు కలుపుకుంటుండగా ఏం చేశానో తెలిసింది.

తిరిగొచ్చి చూస్తే ఫైలు శుభ్రంగా ఉంది. ఒక్క తోక లేదు. యాసను బట్టి పోల్చుకుందామంటే, ఒకరి యాసలో ఒకరం రాసి ఆ దారి మేమే చెడగొట్టుకున్నాం. అంతా నేనొక్కణ్ణే రాసుకుని, నాకు నేనే జవాబు చెప్పుకున్నట్టుంది. ఏడుపొచ్చింది. నలభై దాటిన మనిషికి, సెట్టింగుల ఫైలు చూసి.

ఒక వరుస దగ్గర ఆగిపోయాను. "జర దీన్ని మార్చకండి, నాకు అలవాటైంది." ఇది ఎవరు రాశారు? ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఉండబట్టలేక ఫోటో తీసి అతనికి పంపాను, నీదా నాదా అని.

సాయంత్రానికి జవాబొచ్చింది. "ఏ ఫైలు అన్నా ఇది?"

"నాదేలే" అని పంపాను.