వెనక పెట్టించిన బొట్టు

నేను నోయిడాలో సెట్‌టాప్ బాక్సుల సాఫ్ట్‌వేర్ పరీక్షించే ఆఫీసులో పనిచేస్తాను. 'అప్‌డేట్ జరుగుతోంది, స్విచ్ ఆపకండి' అని తెర మీద వస్తుంది చూడండి, ఆ అక్షరాలు ఎరుపులో ఉంటే తప్ప జనం ఆగరని మీటింగులో గంటసేపు వాదించి గెలిచినవాణ్ణి. ఆ గొప్ప ఇంటికొచ్చి మా ఆవిడకూ చెప్పుకున్నాను. జనమంటే నా దృష్టిలో ఎప్పుడూ ఎదుటివాళ్లే.

మా టీవీ ఆవిడ కొన్నది. చాలా ఏళ్లు ఇంటిపట్టున ఉండి, మళ్లీ స్కూల్లో టీచరుగా చేరి, మొదటి జీతాలు కూడబెట్టి కొంది. అట్టపెట్టె విప్పగానే పసుపు రాసి బొట్టు పెట్టబోతే, ఆధునికుణ్ణి కదా, ముందు బాగుండదు, వెనక పెట్టమన్నాను. వెనక తెల్లగా, చదునుగా ఒకే ఒక్క చోటు కనిపించింది. అక్కడే పెట్టింది.

ఆర్నెల్ల తర్వాత ఒక ఆదివారం పొద్దున కూరలకు బయల్దేరాం. ఆవిడ లిఫ్ట్ దగ్గరికి నడిచింది. బయటికెళ్లేముందు స్విచ్చులన్నీ కట్టేయడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న జబ్బు. తెర మీద టీవీ అప్‌డేట్ తాలూకు ఎర్ర అక్షరాలు కనిపించాయి. చదివాను కూడా. చెయ్యి మాత్రం తన పని తాను చేసుకుపోయింది. తిరిగొచ్చి స్విచ్ వేస్తే టీవీ ఉలుకూ పలుకూ లేకుండా ఉంది. పీసే మంచిది కాదు, వారంటీ ఉందిగా అన్నాను. ఆ అబద్ధం అంత తడుముకోకుండా ఎలా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

కంపెనీ మెకానిక్ వచ్చాడు. వారంటీ కావాలంటే టీవీ వెనక స్టిక్కరు మీది నంబరు ఫొటో తీయాలట. మేం బొట్టు పెట్టిన తెల్లటి చోటు ఆ స్టిక్కరే. తడి పసుపు కాగితంలోకి ఇంకి అంకెలన్నీ అలుక్కుపోయాయి.

"నంబర్ నహీ దిఖ్ రహా, మేడమ్. వారంటీ నహీ మిలేగీ," అన్నాడు. నంబరు కనబడకపోతే వారంటీ రాదట.

ఆవిడ తడిగుడ్డ తెచ్చి తుడిచింది. మిగిలిన అంకెలూ పోయాయి. "నా చేతులారా నేనే పోగొట్టుకున్నా," అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. నిజం చెబితే, బిల్లు చూపించి బతిమాలితే వారంటీ వస్తుందేమోనన్న కాస్త ఆశా పోతుంది. చెప్పకపోతే ఆ తప్పు ఆవిడ నెత్తిన ఉండిపోతుంది. ఢిల్లీ వైపు ఉండే తెలుగువాడికి ఒక సుఖముంది, మనిషి ఎదురుగానే రహస్యాలు మాట్లాడుకోవచ్చు. గొంతు తగ్గించి చక్కగా తెలుగులో చెప్పేశాను.

"అప్‌డేట్ అవుతుంటే మెయిన్ స్విచ్ ఆఫ్ చేసింది నేనే. సాఫ్ట్‌వేర్ క్రాష్ అయింది. నీ బొట్టుది తప్పు కాదు."

మెకానిక్ తలెత్తాడు. "అచ్ఛా, అప్‌డేట్ మే స్విచ్ ఆఫ్ కియా థా, సర్?" అని ఎంతో మర్యాదగా అడిగాడు. నా తెలుగులో అతనికి అర్థంకాకుండా మిగిలింది బొట్టు ఒక్కటే.

వారంటీ మాట మరిచిపొమ్మని, సర్వీస్ సెంటర్లో సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించాలని చెప్పి టీవీ పట్టుకెళ్లాడు. ఆవిడ తడిగుడ్డ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లింది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించింది.

వారానికి టీవీ బాగై వచ్చింది. ఆవిడ కుంకుమ భరిణె తెచ్చింది. ముందే పెట్టు, ఎంత పెద్దదైనా పెట్టు అని నేను టీవీ నడినెత్తి చూపించాను. నన్ను పక్కకు జరిపి, గోడ మీది స్విచ్చుకు నిండుగా బొట్టు పెట్టింది.

"ఎరుపైతేనే జనం ఆగుతారన్నారుగా," అంది.