తెలుగు అక్షరాలు పట్టుబడిన రోజు

కొత్త ల్యాప్‌టాప్ తెర మూల నుంచి ఏదో టింగుమని మోగింది. యాంటీవైరస్ ఉచిత గడువు అయిపోవచ్చిందట, కొనమంటోంది. "అవన్నీ దండగండీ, తీసేయండి" అన్నాడు ఆఫీసులో పక్క సీటతను. అతను చెప్పిందీ నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ చప్పుడుకి తెనాలిలో షమీమ్ ఆపా షాపు గుర్తొచ్చింది. డిగ్రీ అయ్యాక నేను మొదట పనికి కుదిరింది అక్కడే. కొలకలూరు నుంచి రోజూ బస్సులో వెళ్ళి శుభలేఖలు, కరపత్రాలు టైపు చేసేదాన్ని.

ఆపా అంటే వాళ్ళ ఇళ్ళల్లో అక్క. షాపుకొచ్చే వాళ్ళు చాలామంది ఆమెని అలాగే పిలిచేవాళ్ళు. ఇంట్లో ఉర్దూ, షాపులో తెలుగు. శుభలేఖలో పిలిచేవాళ్ళ పేర్లు ఏ వరసలో ఉండాలో ఆమె చెబితే, అలగడానికి సిద్ధంగా వచ్చిన మేనమామలు కూడా సర్దుకునేవాళ్ళు. కంప్యూటరంటే మాత్రం ఆమెకి బొత్తిగా పడదు. మౌస్ ముట్టుకోగా నేనెప్పుడూ చూడలేదు.

పెన్‌డ్రైవులు అప్పుడప్పుడే చేతుల్లోకొస్తున్న రోజులవి. పెళ్ళివాళ్ళు ఫోటోలు వాటిలో తెచ్చేవాళ్ళు, వాటితోపాటు వైరస్‌లూ వచ్చేవి. ఒకసారి ఫోల్డర్లన్నీ మాయమయ్యాయి. బాపట్ల నుంచి మెకానిక్ శ్రీను వచ్చి బాగుచేశాడు. యాంటీవైరస్ వేయించాలా అని ఆపా అడిగితే, "ఇంటర్నెట్టే లేదు గదా మేడమ్, అవసరం లేదండి. పైగా మిషను నెమ్మదైపోద్ది" అన్నాడు.

"మరి ఇప్పుడొచ్చింది ఎట్టా వచ్చింది?"

"పెన్‌డ్రైవుల్లోంచండి."

"పెళ్ళివాళ్ళని రావద్దనలేం గదయ్యా. వేసెయ్."

శ్రీను చెప్పినట్టే మిషను నత్తనడక పట్టింది. ఒక పేజీ తెరుచుకునేలోపు నా టీ అయిపోయేది. నేను సణుగుతూనే ఉండేదాన్ని, ఆపా తీయనిచ్చేది కాదు.

మంచి ముహూర్తాల రోజుల్లో ఒక ఉదయం, రేపల్లె నుంచి ఒక పెద్దాయన కూతురి శుభలేఖ కోసం వచ్చాడు. సాయంత్రానికి కార్డులు చేతికందాలి. కూర్చుని టైపు కొడితే తెరమీద అన్నీ ఇంగ్లీషు అక్షరాలే పడ్డాయి. రాత్రి యాంటీవైరస్ దేన్నో పట్టుకుని తీసేసినట్టు తెర మీద ఉంది. శ్రీనుకి ఫోన్ చేశాను.

"తెలుగు సాఫ్ట్‌వేర్ తాళం పగలగొట్టిన కాపీ గదండీ. ఆ తాళం తీసే ముక్కనే వైరస్ కింద పట్టుకుంది. యాంటీవైరస్ తీసేయండి, నేనొచ్చి పాతది మళ్ళీ ఎక్కిస్తాను" అన్నాడు.

ప్రాణం లేచొచ్చింది. తీసేయబోతూ, ఏం జరిగిందో ఆపాకి చెప్పాను.

"అంటే మనం వాడేది దొంగదా? ఎక్కించినప్పుడు కొన్నదే అన్నాడే శ్రీను!"

"ఊళ్ళో అందరిదీ అదే ఆపా."

"అందరి సంగతి అడగలేదే. ఇప్పుడు అది పట్టుకున్నది అబద్ధమా?"

"కాదు."

"మరి నిజం చెప్పిన దాన్ని బయటికి గెంటుతావేంటి?"

నాకు ఒళ్ళు మండింది. యంత్రం ముందు నీతులేంటి అనుకున్నాను. ఆపా రేపల్లె ఆయన వైపు తిరిగింది. "అన్నయ్యగారూ, మా దగ్గరున్న తెలుగు దొంగదని ఇవాళ తెలిసింది. ఇక దాంతో పని చెయ్యలేను. పక్క వీధి షాపుకి వెళ్ళండి, సాయంత్రానికి ఇచ్చేస్తారు" అంది. ఆయన తెచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. ఆ షాపులోదీ అదే కాపీ అని నేనన్నాను. "తెలుసులే. ఆ పిల్ల పెళ్ళి ఆగకూడదు గదా" అంది. అందులో పొంతన ఎక్కడుందో నాకిప్పటికీ పూర్తిగా అర్థం కాలేదు.

అసలు సరుకు తెప్పించేసరికి ముహూర్తాలు గడిచిపోయాయి. షాపు ఈగలు తోలుకుంటూ కూర్చుంది. ఏడాదంతా నిలబెట్టే రాబడి ఆ రోజుల్లోనే రావాలి. తీరా కొత్తది వచ్చాక పాత ఫైళ్ళు దాంట్లో సరిగా తెరుచుకోలేదు. అన్నేళ్ళ పని గుర్తుపట్టలేని గీతలైపోయింది. ఆపా ఏడవలేదు. నేనే ఏడ్చాను, కొంత కోపంతో, కొంత నా ఉద్యోగం పోతుందన్న భయంతో. ఉద్యోగం పోలేదు గానీ, వెళ్ళిపోయిన పెళ్ళివాళ్ళలో సగం మంది తిరిగి రాలేదు. రేపల్లె ఆయనా రాలేదు. ఆపా మంచితనానికి ఫలితం దక్కిందని రాద్దామంటే నా దగ్గర ఆధారమేమీ లేదు.

ఆమెలా బతికానని నేను చెప్పను. నా లెక్క తప్పని చెప్పిన కుర్రాణ్ణి వేరే సెక్షనుకి పంపించాను. నా మాట గుచ్చుకుందన్న చెల్లెలితో నెలల తరబడి మాట్లాడలేదు. కానీ అలా ఒకరి నోరు మూయించిన ప్రతిసారీ, ముందు నాలో ఒక ప్రశ్న లేస్తుంది: వాళ్ళు చెప్పింది అబద్ధమా? కాదని తెలిసే మూయిస్తాను. తెలియకుండా మూయించే సుఖం మాత్రం ఆపా నాకు లేకుండా చేసింది.