స్కాన్‌లో లేని మచ్చలు

కొన్నేళ్లుగా ఒక అబద్ధంతో కాపురం చేస్తున్నాను. ఆడింది నేను. నమ్మింది నా భర్త. పేర్లు చెప్పను. మాది మందమర్రి అని, ఆయన బొగ్గుబాయి కార్మికుడని తెలిస్తే చాలు మీకు.

బాయిలో గ్యాసు చేరినా, పైకప్పు కూలినా, వీపున ఆక్సిజన్ కట్టుకుని అందరికంటే ముందు లోపలికి దిగే రెస్క్యూ జట్టులో మనిషాయన. అలాంటి మనిషిని కరోనా పట్టుకుంది. కరీంనగర్ ఆసుపత్రిలో బోర్లా పడుకుని, రెండు మాటలకొకసారి ఆగి ఊపిరి తీసుకునేవాడు. అప్పటి స్కాన్‌లో ఊపిరితిత్తులు రెండూ మంచు కమ్మినట్టు తెల్లగా ఉన్నాయి.

ఇంటికొచ్చాక ఆయన కోలుకున్న తీరు మీరు చూడాల్సింది. గొట్టంలో గాలి పీల్చి బంతులు పైకి లేపే చిన్న పరికరం ఇచ్చారు. మొదట్లో ఒక్క బంతీ కదిలేది కాదు. విసుక్కోలేదు, నవ్వేవాడు. వాకిలి దాకా నడిచాడు, తర్వాత వీధి చివరి దాకా, ఆ తర్వాత కాలనీ అంతా. దగ్గు తగ్గింది. మెట్లెక్కుతూ కూడా నాతో మాట్లాడగలిగాడు. అంత ఓపిక నేనెవరిలోనూ చూడలేదు.

కొన్ని నెలలకు మళ్లీ స్కాన్ తీశారు. ఆయన్ని పొద్దున్నే పరీక్షించిన డాక్టర్, ఫిల్ము వచ్చాక చూపించమన్నాడు. మా ఆయన కింద చాయ్ తాగుతుంటే ఫిల్ము నేనే పైకి తీసుకెళ్లాను.

“మంచిగ తేరుకున్నడమ్మా. తెలుపంత పోయింది. కింద రెండు సన్న గీతలున్నయి గని, ఫికర్ లేదు. ఇగ పనికి పోవచ్చు.”

సంతోషించాలి కదా? కానీ మెట్లు దిగుతుంటే, బాయి సైరన్ మోగిన ప్రతిసారీ నేను పడ్డ భయమంతా ఒక్కసారిగా మీద పడింది.

“ఏమన్నడే డాక్టరు?”

“ఇంకా మచ్చలున్నయట. బాయి దిగొద్దన్నడు.”

ఆయన ఫిల్మును వెలుగుకెత్తి చాలాసేపు చూశాడు. “నాకైతే దమ్ము మంచిగనే ఆడుతుంది,” అన్నాడు. ఫిల్ము కవర్లో పెట్టేస్తూ, “అయినా బొమ్మల కనవడ్డది అవద్ధం గాదు గదా.”

నన్ను నమ్మి, తన ఊపిరినే అనుమానించాడు. తనంతట తానే జట్టులోంచి తప్పుకున్నాడు, బాయి పైన పని అడిగి తీసుకున్నాడు.

ప్రేమతో చేశాననుకున్నాను. ప్రేమేనా? భయం. ఇంకా లోతుకు పోతే, జబ్బు రోజుల్లో ఆయనకు నేను తప్ప దిక్కులేదన్న తృప్తి ఒకటుండేది, అది చేజారుతుందన్న బెంగ కూడా ఉందేమో.

తర్వాత ఒకసారి బాయిలో కప్పు కూలింది. పాత జట్టు దిగి, చిక్కుకున్న ఇద్దరినీ ప్రాణాలతో తెచ్చింది. ఈయన పైనే నిలబడి, వచ్చిన ఒక్కొక్కరికీ నీళ్లందించాడు, వీపు తట్టాడు. ముఖంలో ఈర్ష్య జాడైనా లేదు.

“నువ్వుండాలె అన్నా,” అన్నాడొకడు.

“నా ఊపిరితిత్తులు సక్కగ లేవు తమ్మీ,” అన్నాడాయన, ఏదో తప్పు చేసినవాడిలా తల దించుకుని.

నేనక్కడే ఉన్నాను.

ఇప్పుడు జట్టులోకి వచ్చే కొత్తవాళ్లకు ముసుగులో ఊపిరి తీయడం ఆయనే నేర్పుతున్నాడు. “భయపడ్డోడే గాలి ఎక్కువ తాగుతడు. నిమ్మళంగ పీల్చుర్రి,” అంటాడు. వాళ్లు ఆయన్ని దేవుడిలా చూస్తారు. నేనూ అంతే. కానీ మా ఇంటి మెట్లు సగం ఎక్కి గోడ పట్టుకుని ఆగుతాడు. ఆయాసం రాదు. తనలో మచ్చలున్నాయి కాబట్టి ఆగాలనుకుంటాడు.

చెబితే క్షమిస్తాడేమో. అంతటి మనిషే. అందుకే ఇంకా చెప్పలేకపోతున్నాను. మిమ్మల్నీ క్షమించమని అడగడం లేదు.

డాక్టర్ బాగుందన్నాడు. నేను బాగాలేదన్నాను. ఈ రెండు మాటలూ ఒకే చోట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది.